‘ఇదిగో చేసేస్తున్నా’... అది అబద్ధం కాదు!

కరెంటు బిల్లు కట్టమని ఆవిడ పొద్దున చెప్పింది. మధ్యాహ్నం గుర్తుచేసింది. ‘ఇదిగో, కట్టేస్తున్నా’ అన్నాడాయన. రాత్రి చూస్తే కట్టలేదు! ఫోన్ చేతిలోనే ఉంది, ఖాతాలో డబ్బులున్నాయి, పట్టేది రెండు నిమిషాలు. ‘నా మాటంటే లెక్కే లేదు’ అని ఆవిడ, ‘ఎందుకు మర్చిపోయానో నాకే తెలీదు’ అని ఆయన. ఇలాంటి గొడవలు వారానికి నాలుగుసార్లు జరిగే ఇళ్లున్నాయి. చూసేవాళ్లకి అది బద్ధకం, నిర్లక్ష్యం. కొందరి విషయంలో మాత్రం దాని అసలు పేరు ఏడీహెచ్‌డీ... అంటే ‘అటెన్షన్ డెఫిసిట్ హైపర్ యాక్టివిటీ డిజార్డర్’.

ఇది అల్లరి పిల్లల సమస్య అనే చాలామంది అనుకుంటారు. కానీ ఎంతోమందిలో పెద్దయ్యాకా ఉంటుంది, రూపమే మారుతుంది. క్లాసులో కుదురుగా కూర్చోలేని పిల్లాడు, ఆఫీసు మీటింగ్‌లో కదలకుండానే కూర్చుంటాడు. మనసు మాత్రం పదిచోట్ల తిరిగొస్తుంది. ‘పుష్ప’లో పోలీసాఫీసరుగా మనకు పరిచయమైన ఫహద్ ఫాజిల్, తనకీ సమస్య ఉన్నట్టు 41 ఏళ్ల వయసులో తెలిసిందని 2024లో చెప్పారు. ఇక ఆడవాళ్లలో పైకి కనిపించే చురుకుదనం కన్నా పరధ్యానమే ఎక్కువ కాబట్టి, ‘మతిమరుపు కోడలు’ అన్న పేరుతోనే ఏళ్లు గడిచిపోతాయి.

తెలియక కాదు

వీళ్లకి ఏం చేయాలో తెలుసు. తెలిసిన పనిని ఆ సమయానికి చేయడమే కష్టం. అమెరికన్ సైకాలజిస్ట్ రసెల్ బార్‌క్లీ దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే. పని మొదలుపెట్టడం, మధ్యలో దారి తప్పకపోవడం, టైమ్ అంచనా వేయడం... వీటిని చూసుకునే మెదడు వ్యవస్థ వీళ్లకి సరిగా సహకరించదు. నచ్చిన పనైనా, గడువు నెత్తి మీదకొచ్చినా గంటల తరబడి చేసేస్తారు. ‘వీడియో గేమ్‌కైతే కూర్చుంటావే!’ అని ఇంట్లోవాళ్లకి మండేది ఇక్కడే. అందుకే ఎన్ని సలహాలిచ్చినా, ఎంత తిట్టినా మార్పు రాదు. సిగ్గు మాత్రం పెరుగుతుంది.

కోచ్ ఏం చేస్తారు?

ఏడీహెచ్‌డీ కోచ్ పని పాఠాలు చెప్పడం కాదు. వారానికోసారి కూర్చుని, పెద్ద పనిని ముక్కలు చేయించడం. సాఫ్ట్‌వేర్‌లో మేం ప్రాజెక్టుని చిన్న చిన్న టికెట్లుగా విడగొట్టుకున్నట్టే. ‘టాక్స్ రిటర్న్ వేయాలి’ అన్నది పది పనుల మూట. ‘ఫారం 16 డౌన్‌లోడ్ చెయ్యి’ అన్నది పని. ఆ మొదటి ముక్క ఎప్పుడు, ఎక్కడ కూర్చుని చేస్తారో కూడా అప్పుడే రాసుకుంటారు. కుదరకపోతే తిట్లుండవు, ప్లాన్ మారుతుంది.

ఇంకో కిటుకు ‘బాడీ డబ్లింగ్’. పక్కన ఒకరు తమ పని తాము చేసుకుంటూ కూర్చుంటే చాలు, చాలామందికి పని కదులుతుంది. మాట్లాడక్కర్లేదు, వీడియో కాల్ అయినా సరే.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది

‘గుర్తుపెట్టుకో’ అనే కన్నా, గుర్తుపెట్టుకునే అవసరమే తగ్గించడం మేలు. బిల్లులకి ఆటో పే పెట్టండి. తాళాలకి గుమ్మం పక్కనే మేకు కొట్టండి. రోజూ వేసుకునే మాత్రలు కాఫీ కప్పు పక్కనే ఉండాలి. టైమ్ కళ్లకి కనిపించేలా గోడ గడియారం, టైమర్ వాడండి.

అసలు ప్రమాదం వేరే ఉంది. గుర్తుచేసి చేసి భార్య కాస్తా అమ్మ అయిపోతుంది, భర్త పిల్లాడైపోతాడు. ఆ తర్వాత ప్రేమకి చోటుండదు. కాబట్టి ఏ పని ఎవరిదో ఆదివారం ఓ ఇరవై నిమిషాలు కూర్చుని రాసుకోండి. గుర్తుచేసే ఉద్యోగం ఫోన్‌కి అప్పగించండి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకీ ఒక మాట... కారణం తెలిసినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. అలారం పెట్టుకోవాల్సింది మీరే.

రీల్స్ చూసి నిర్ణయించొద్దు

నిద్ర చాలకపోయినా, ఆందోళన, డిప్రెషన్, థైరాయిడ్ ఉన్నా ఏకాగ్రత పోతుంది. ఏడీహెచ్‌డీ అని చెప్పాలంటే 12 ఏళ్లలోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి. అందుకే డాక్టర్లు చిన్నప్పటి సంగతులు అడుగుతారు. వీలైతే అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి. నిర్ధారణ సైకియాట్రిస్ట్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్ చేయాలి. మందులు సైకియాట్రిస్ట్ రాస్తేనే వాడాలి. కోచ్ డాక్టర్‌కి బదులు కాదు. ‘మందులు మానేయండి, నేను చూసుకుంటా’ అనే కోచ్ దొరికితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ ‘టెలి మానస్’ నంబర్ 14416కి ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఆ ఫోన్ కూడా ‘రేపు చేద్దాం’ అనిపిస్తే, ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోమని ఇప్పుడే చేసేయండి.