కార్డు కొలతకు తగిన నమూనా కాగితం

శుభాకాంక్షల కార్డును స్వయంగా తయారుచేసేవారు సైతం దానిపై అంటించే నమూనా కాగితాన్ని ఎక్కువగా దుకాణంలోనే కొంటారు. అయితే పెద్ద పెట్టెలు చుట్టడానికి అచ్చువేసిన ఆ పూలూ లతలూ అరచేయంత కార్డుపైకి వచ్చేసరికి సగంలో తెగిపోయి, కూర్పు చెడుతుంది. నమూనాను కార్డు కొలతకు తగినట్లు ముందే రూపొందించుకోవడమే ఈ కళలో అసలైన పని.

ఇందుకు ఇంట్లోనే సాధ్యమయ్యే ఉత్తమ పద్ధతి జిగురు కాగితం, అంటే రంగు కలిపిన పిండి జిగురును పూసి, అది తడిగా ఉండగానే గీతలు తీసిన కాగితం. ఐరోపాలో పుస్తకాలకు అట్టలు కట్టేవారు దీన్ని విరివిగా వాడారు. 18వ శతాబ్దంలో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ క్రైస్తవ సమాజానికి చెందిన స్త్రీలు చేసిన కాగితాలు ప్రత్యేకంగా పేరుపొందాయి. మన ఊళ్లలో గోడలకు పోస్టర్లు అంటించే మైదా జిగురే దీనికీ ఆధారం. ఒక వంతు మైదాను కొద్ది చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం 6 వంతుల నీరు అయ్యేలా చేర్చి, సన్నని మంటపై అడుగంటకుండా కలుపుతూ పలుచని జావలా ఉడికించి, చల్లారాక గుడ్డలో వడగట్టి, అక్రిలిక్ రంగు కలపాలి. పోస్టర్ రంగు కూడా పనికివస్తుంది గాని, చేతి చెమట తగిలితే అంటుకుంటుంది. తడిపిన కాగితంపై ఈ జిగురును వెడల్పాటి కుంచెతో పూసి, పళ్లు కత్తిరించిన అట్టముక్కను అలలుగా లాగితే, పళ్లు తగిలినచోట జిగురు పక్కకు జరిగి కాగితం వన్నె బయటపడుతుంది, అంచున చేరిన రంగు చిక్కబడి గీతకు లోతునిస్తుంది. ఒకే చేయి లాగినా ఏ రెండు కాగితాలూ ఒక్కలా రావు. దీని అందమంతా అందులోనే ఉంది. చిన్న కార్డుకు పళ్ల మధ్య ఎడం 3 మిల్లీమీటర్లకు మించకపోవడం మేలు.

పెడన కలంకారీలో వాడేలాంటి చెక్క అచ్చులతోనూ కాగితంపై నమూనా వేయవచ్చు. అయితే బట్టలా కాగితం ఒత్తిడికి ఒదగదు కనుక, అడుగున మెత్తని దుప్పటి మడత తప్పనిసరి.

ఇక కార్డు. ఏ5 కొలత గల దళసరి కాగితాన్ని సగానికి మడిస్తే 105×148 మిల్లీమీటర్ల కార్డు వస్తుంది. యంత్రంపై తయారైన కాగితంలో నారలు ఒకే దిశలో సాగి ఉంటాయి. ఆ దిశకు సమాంతరంగా మడిస్తే అంచు నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పగులుతుంది. కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచిచూస్తే, తేలికగా వంగినప్పుడు వంపు గీత సాగే దిశే నారల దారి. మడిచేముందు స్కేలు ఆనించి, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో గీత నొక్కాలి. నమూనా ముక్కను నాలుగు వైపులా 5 మిల్లీమీటర్లు తగ్గించి కోసి, దాని నారలు కూడా మడతకు సమాంతరంగా ఉండేలా అంటించి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచితే కార్డు వంకర పోదు. రాత కోసం లోపల పలుచని తెల్లకాగితాన్ని మడత దగ్గర మాత్రమే అంటిస్తే చాలు.