పిల్లి బొచ్చూ, రైస్‌మిల్లు గరాటూ

ఏమర్రా పిల్లలూ, ఇలా దగ్గరకి జరగండి. పటమటలో మీ అత్తయ్యావాళ్లింట్లో రెండు పిల్లులున్నాయి కదా, వాళ్లు వాక్యూమ్ క్లీనర్ కొందామనుకుంటున్నారు. షాపులో అడిగితే “ఇది రెండువేల వాట్లండీ, అది పద్నాలుగొందలేనండీ” అన్నార్ట. ఏది తీసుకోమంటావు నాన్నా అని ఫోను చేసింది. వాట్ల గోల తర్వాత చూద్దాం. ముందు ఆ బొచ్చు సంగతి తేలాలి.

పిల్లి ముఖ్యంగా పగటి పొడుగును బట్టి బొచ్చు మారుస్తుంది. లండన్‌లో ఎండాకాలం పగలు పదహారు గంటలు దాటుతుంది, చలికాలంలో ఎనిమిదికి పడిపోతుంది. మన బెజవాడలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటలు కూడా ఉండదు. దానికితోడు ఇంట్లో రాత్రి పదకొండు దాకా ట్యూబ్‌లైట్లు. పాపం, ఏ కాలం నడుస్తోందో దాని ఒంటికి ఎలా తెలుస్తుంది? అందుకని ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా రాలుస్తూనే ఉంటుంది. పైబొచ్చు కాస్త బిరుసుగా ఉంటుంది. దానికింద సన్నటి మెత్తటి బొచ్చు ఉంటుంది చూశారూ, ఉండలు చుట్టుకుని మంచం కింద చేరేది అదే. కొండచీపురు వేస్తే సగం లేస్తుంది, ఫ్యాను గాలికి ఓ చుట్టు తిరిగి మళ్లీ మంచం కిందికే వెళ్తుంది.

అయితే తుమ్ములు తెప్పించేది బొచ్చు కాదర్రా! పిల్లి ఉమ్మిలోనూ, చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ ‘ఫెల్ డి 1’ అనే ప్రోటీను తయారవుతుంది. పిల్లి నాక్కుంటూ దాన్ని ఒళ్లంతా పూసుకుంటుంది. అది ఎండి పొడై గాల్లోకి లేస్తుంది. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే, ఈ పొడిలో 5 మైక్రాన్లలోపు రేణువులు కూడా ఉంటాయి. అవి గంటల తరబడి గాల్లో తేలుతూనే ఉంటాయి. కాబట్టి మెషీనుకి రెండు పనులు పడ్డాయి: బొచ్చును పట్టడం, పొడిని బయటికి వదలకుండా దాచుకోవడం. రెండోదే కష్టం.

అసలీ మెషీను ఎలా పుట్టిందో వినండి. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు దుమ్మును ఊదేసే యంత్రాన్ని చూశాడు. ఊదే బదులు పీలిస్తేనో అనుకున్నాడు. హోటల్లో కుర్చీ మీద చేతిరుమాలు పరిచి, నోరు ఆనించి గట్టిగా పీల్చాడు. రుమాలు అడుగున దుమ్ము మరక పడింది! ఆ సంతోషం ఊహించండి. ఆయన చేసిన యంత్రాన్ని గుర్రపు బండి మీద వీధిలో నిలబెట్టి, గొట్టాలు కిటికీల్లోంచి ఇంట్లోకి వేసేవారు. తర్వాత అమెరికాలో స్పాంగ్లర్ అనే ఆయన, ఊడ్చే పనిలో దుమ్ముకి ఆయాసం వచ్చి, ఫ్యాను మోటారుకి దిండుగలీబు తగిలించి చిన్న యంత్రం చేసుకున్నాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది.

ఇంతకీ పీల్చడమంటే ఏమిటి? కొబ్బరిబోండంలో స్ట్రా వేసి తాగేటప్పుడు మనం నీళ్లు లాగుతున్నామనుకుంటాం. నిజానికి నోట్లో గాలి ఒత్తిడి తగ్గితే, బయటి గాలి ఆ నీళ్లను పైకి తోస్తుంది. వాక్యూమ్ క్లీనరూ అంతే. మంచి మెషీను లోపలి ఒత్తిడిని బయటికంటే ఓ ఐదో వంతు దాకా తగ్గించగలదు. కానీ స్ట్రాకి లేతకొబ్బరి అడ్డుపడిందనుకోండి, బుగ్గలు నొప్పెట్టేలా పీల్చినా చుక్క రాదు. ఫిల్టరుకి పిల్లిబొచ్చు అట్టకట్టినా అదే గతి. మోటారు రెండువేల వాట్లదైతే మాత్రం ఏం లాభం? వాట్లు చెప్పేది ఎంత కరెంటు తాగుతుందో. ఎంత శుభ్రం చేస్తుందో చెప్పవు. యూరప్‌లో 2014లో 1600 వాట్లు, 2017లో 900 వాట్లు మించకూడదని నియమం పెట్టారు. అక్కడి తివాచీలు ఏమీ మురికిపట్టిపోలేదు.

అడ్డుపడకుండా చేసే ఉపాయం మన డెల్టాలోనే ఉంది. రైస్‌మిల్లు పక్కన పెద్ద రేకు గరాటు చూశారా? గాలితోపాటు ఊక, తవుడు ఓ పక్కనించి అందులోకి దూసుకొచ్చి గిర్రున తిరుగుతాయి. బరువున్నవి గోడకి కొట్టుకుని కిందికి జారతాయి, తేలికైన గాలి మధ్యలోంచి పైకి పోతుంది. దాన్నే సైక్లోన్ అంటారు. జేమ్స్ డైసన్ ఇలాంటిదాన్నే ఓ కోతమిల్లు దగ్గర చూసి, 5,127 నమూనాలు చేసి, వాక్యూమ్ క్లీనర్లోకి దింపాడు. ఎంత ఓపిక చూడండి!

బొచ్చుకి సైక్లోన్ బాగా పనికొస్తుంది, ఫిల్టరు దాకా తక్కువే చేరుతుంది. కానీ డబ్బా ఖాళీ చేసేటప్పుడు పొడి మొహమ్మీదికే లేస్తుంది. అత్తయ్యావాళ్లబ్బాయికి తుమ్ములున్నాయి కాబట్టి, మాటిమాటికీ కొనాల్సొచ్చినా సంచీ వేసే మెషీనే తీసుకోమన్నాను. మూతికట్టి సంచీ అలాగే పారేయొచ్చు. దానికి హెపా ఫిల్టరుండాలి. అది 0.3 మైక్రాన్ల రేణువుల్ని 99.97 శాతం పడుతుంది. ఫిల్టరు చుట్టూ రబ్బరు పట్టు సరిగ్గా లేకపోతే మాత్రం ఆ సందులోంచి పొడంతా మళ్లీ గదిలోకే. కడిగే రకం ఫిల్టరయితే ముసురు రోజుల్లో పూర్తిగా ఆరాకే పెట్టాలి, లేకపోతే ఇల్లంతా ముక్కవాసన.

టైల్సు మీద మామూలు మూతి చాలు. సోఫాకి, పరుపుకి మాత్రం మోటారుతో తిరిగే చిన్న బ్రష్షు కావాలి. నేసిన గుడ్డలో ఇరుక్కున్న బొచ్చు ఉత్త గాలికి రాదు. ఆ బ్రష్షుకి బొచ్చు దారపుకండెలా చుట్టుకుంటుంది, కత్తెరతో కోసి తీయడానికి విడదీసే వీలుందో లేదో చూసుకోవాలి.

కొనేముందు పిల్లిని దువ్వి, ఆ బొచ్చు పొట్లం కట్టి బీసెంట్ రోడ్డు షాపుకి పట్టుకెళ్లమన్నాను. గుడ్డ మీద అద్ది, ఎదురుగా లాగించి చూడమన్నాను. ఇంటికి తెచ్చాక మాత్రం నాలుగైదు రోజులు స్విచ్చి వేయకుండా గదిలో ఊరికే ఉంచాలి. మనకి 20 వేల హెర్ట్జ్ దాకానే వినిపిస్తే పిల్లికి 64 వేల దాకా వినిపిస్తుంది. మోటారు కీచు మనకంటే దానికే ఎక్కువ. ముందు వాసన చూసుకుని, చుట్టూ తిరిగి, పైకెక్కి కూర్చోనివ్వండి.