247 వచ్చింది... ఎంతకు?

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ టెస్టింగ్ సెంటర్ నుంచి బయటికొచ్చేవాళ్ల చేతిలో ఒక కాగితం ఉంటుంది. దాని మీద ‘రీడింగ్ 247, రైటింగ్ 251’ లాంటి అంకెలుంటాయి. ఇంటికి రాగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, ఎంతకు? మూడొందలకు అనుకుంటే 82 శాతం. మన లెక్కలో డిస్టింక్షన్. మర్నాడు కౌన్సెలర్ మాత్రం ‘ముందు ఇంగ్లిష్ ప్రిపరేటరీ కోర్సు చెయ్యండి’ అనవచ్చు. డిస్టింక్షన్ వచ్చినవాళ్లకి మళ్లీ ప్రిపరేటరీ ఏమిటని బుర్ర గోక్కోవాల్సి వస్తుంది.

ఇందులో కౌన్సెలర్ తప్పేమీ లేదు. ఈ కొలబద్ద సున్నా దగ్గర మొదలవదు. 200 దగ్గర మొదలై 300 దగ్గర ఆగుతుంది. ఒక్కటీ రాకపోయినా 200 పడతాయి. పోనీ 200 తీసేసి వందకు 47 అనుకుందామా అంటే అదీ కుదరదు. ఎందుకో కాస్త ముందుకెళ్లాక చెబుతాను.

ఈ పరీక్ష పేరు అక్యుప్లేసర్. శాట్ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డే దీన్నీ నడుపుతుంది. పెళ్లయి అమెరికా వెళ్లి, పిల్లలు బళ్లో పడ్డాక ముప్పై అయిదు, నలభై ఏళ్ల వయసులో డిగ్రీ మొదలుపెట్టే తెలుగువాళ్లకు ఎదురయ్యే మొదటి గుమ్మం చాలాచోట్ల ఇదే. ఇందులో పాస్, ఫెయిల్ ఉండవు. ఏ తరగతిలో కూర్చోవాలో తేల్చడమే దీని పని. కాలేజీ పెట్టుకున్న కటాఫ్ దాటితే నేరుగా డిగ్రీ ఇంగ్లిష్. దాటకపోతే ప్రిపరేటరీ కోర్సు. దానికీ ఫీజు కట్టాలి, కానీ ఆ క్రెడిట్లు మామూలుగా డిగ్రీ లెక్కలోకి రావు. వారానికి మూడు గంటల చొప్పున పదిహేను వారాలంటే 45 గంటలు, ఇంటి దగ్గర చేసే పని కాకుండా. పగలు ఉద్యోగం, సాయంత్రం పిల్లల హోంవర్క్ ఉన్న మనిషికి 45 గంటలు చిన్న మాట కాదు. అందుకే ఆ అంకె ఎలా పుట్టిందో తెలుసుకుని వెళ్లడం మంచిది.

ముందుగా, పరీక్ష ఒక్కటి కాదు. మామూలు విద్యార్థుల సెట్‌లో రీడింగ్‌కు 20 ప్రశ్నలు, రైటింగ్‌కు 25. పేరు రైటింగే కానీ రాసేదేమీ ఉండదు, వాక్యాలను సరిదిద్దే జవాబును ఎంచుకోవడమే. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఈఎస్ఎల్ అని ఇంకో సెట్ ఉంది. అందులో వ్యాకరణానికి 20, ఒకటి రెండు వాక్యాల్లో మాట అర్థం పట్టుకోవడానికి 20, చదివి గ్రహించడానికి 20 ప్రశ్నలు. విని చెప్పేది వేరే. ఈ సెట్‌లో స్కోరు 20 నుంచి 120 దాకా ఉంటుంది. కాబట్టి మీకు 92, మీ స్నేహితురాలికి 247 వస్తే ఆమె ముందుందని కాదు. ఇద్దరినీ కొలిచిన కొలబద్దలే వేరు.

ఇప్పుడా 47 సంగతి. ఈ ప్రశ్నలు అందరికీ ఒకేలా రావు. మొదట ఒక మధ్యస్థపు ప్రశ్న వస్తుంది. సరిగ్గా చెబితే కంప్యూటర్ తర్వాతిది కాస్త కష్టంగా ఇస్తుంది, తప్పితే కాస్త తేలిగ్గా. ఇలా మనిషికి తగ్గట్టు ప్రశ్న మారే పరీక్షను అడాప్టివ్ టెస్ట్ అంటారు. దీని ఫలితంగా, బాగా వచ్చినవాళ్లకు కూడా చాలా జవాబులు తప్పుతాయి, ఎందుకంటే వాళ్లు ఎక్కేకొద్దీ మెట్లు ఎత్తవుతాయి. స్కోరు చెప్పేది ఎన్ని సరిపోయాయని కాదు, మీరు ఏ ఎత్తు దగ్గర తడబడటం మొదలుపెట్టారని. ‘సగం తప్పాయనిపించింది’ అని బయటికొచ్చి దిగులుపడేవాళ్లకు ఇదే సమాధానం.

తెలియని ప్రశ్న వదిలేస్తే పోలేదా అంటారా? ఇక్కడ కుదరదు. జవాబు ఇస్తేనే తర్వాతి ప్రశ్న వస్తుంది. ముందుకెళ్లాక వెనక్కి రావడం ఉండదు. అయితే టైమ్ లిమిట్ లేదు. గడియారం చూస్తూ పరిగెత్తే అలవాటున్న మనవాళ్లు ఈ ఒక్క సదుపాయాన్నే వృథా చేసుకుంటారని నా అభిప్రాయం.

గుడ్డిగా నొక్కితే ఎన్ని తగులుతాయి? నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు 20 ఉన్న మామూలు కాగితం పరీక్ష తీసుకుందాం. ఏమీ తెలియని మనిషికి సగటున 5 తగులుతాయి. అదృష్టం మీదే 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగిలేవాళ్లు వెయ్యి మందిలో పద్నాలుగు మందే. అదే 12 నిజంగా తెలిసి, మిగతా ఎనిమిదీ నొక్కేస్తే వాటిలో రెండు తగిలి 14 అవుతాయి. నెగెటివ్ మార్కులుంటే, తప్పిన ఆరింటికి మూడో వంతు, అంటే రెండు కోసేస్తారు. మళ్లీ 12. అదృష్టం వాటా తెలుసు కాబట్టే దాన్ని తీసేయడం పరీక్ష పెట్టేవాళ్లకు పెద్ద పని కాదు.

అసలు ఇబ్బంది ప్రశ్నల సంఖ్య తక్కువ కావడంతో వస్తుంది. ఇరవైలో 13 రావడం కటాఫ్ అనుకుందాం. మీ నిజమైన సత్తా సరిగ్గా అంతే, అంటే నూటికి 65 ప్రశ్నలు చెయ్యగలరు. అయినా వేర్వేరు రోజుల్లో వేర్వేరు ఇరవై ప్రశ్నలు ఇస్తే, ఐదు రోజుల్లో రెండు రోజులు మీరు 13కి చేరరు. మీలో ఏమీ మారలేదు, ఆ పూట మీకు రాని ప్రశ్నలు కాస్త ఎక్కువ పడ్డాయి, అంతే. అడాప్టివ్ పరీక్ష ఈ ఊగిసలాటను తగ్గిస్తుంది కానీ చెరిపెయ్యదు. స్కోరును గీతలా కాక పట్టీలా చదవాలి. 247 అంటే దానికి కాస్త అటూ ఇటూ.

ఈ మాట నా ఒక్కడిదే కాదు. కమ్యూనిటీ కాలేజీల మీద పరిశోధన చేసే కొలంబియా యూనివర్సిటీ కేంద్రం 2012లో పాత తరం ప్లేస్‌మెంట్ పరీక్షలను పరిశీలించింది. ఇంగ్లిష్ పరీక్ష రాసినవాళ్లలో ముగ్గురిలో సుమారు ఒకరు తమకు బొత్తిగా తగని తరగతిలో పడ్డారని లెక్కతేల్చింది. పై తరగతిలో పడి ఇబ్బందిపడ్డవాళ్ల కంటే, పై తరగతి చదవగలిగి కింద కూర్చున్నవాళ్లే ఎక్కువ. 2017లో కాలిఫోర్నియా, పరీక్ష కంటే హైస్కూలు మార్కులకు ముందు చోటివ్వాలని చట్టమే చేసింది.

అలాగని పరీక్ష కొలిచేది ఏమీ లేదనుకోకూడదు. వ్యాకరణం, పదసంపద, చదివి గ్రహించడం అని మూడు పేర్లు పెట్టినా, మూడింటి అడుగునా ఎక్కువగా ఉన్నది ఒకటే: మీకు ఎన్ని ఇంగ్లిష్ మాటలు తెలుసు. ఈ వాక్యం చదవండి.

‘నిన్న సాయంత్రం పక్కింటి ఆయన చిమరం తీసుకుని మా ఇంటికి వచ్చి, మీ గురిడె పాడైందట కదా, కాస్త లోటిక ఇస్తే నేనే తొరిపి వెళ్తాను అన్నాడు.’

ఇందులో ఇరవై మాటలు. నాలుగు నేను కల్పించినవి. అంటే 80 శాతం మీకు తెలిసినవే. వ్యాకరణం మొత్తం తెలుసు. అయినా పాడైందేమిటో, ఆయన అడిగిందేమిటో, చేస్తానన్నదేమిటో తెలియదు. నూటికి ఎనభై మాటలు తెలియడమంటే ఇదీ పరిస్థితి. 2000లో హు, పాల్ నేషన్ అనే పరిశోధకులు ఇలాగే ఒక ఇంగ్లిష్ కథలో మాటలు మార్చి చదివించారు. 80 శాతం తెలిసినవాళ్లలో కథ సరిగ్గా అందుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎవరి సాయం లేకుండా హాయిగా చదవాలంటే 98 శాతం కావాలని తేలింది. మూడొందల మాటల పేజీ తీసుకుంటే, 80 శాతమంటే తెలియనివి 60, 95 శాతమంటే 15, 98 శాతమంటే 6. పేజీకి ఆరయితే ఊహించుకుంటూ పోవచ్చు. అరవై అయితే డిక్షనరీయే చదువుతున్నట్టుంటుంది.

ఆ 98 శాతానికి ఎన్ని మాటలు రావాలి? నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు. రీడ్, రీడ్స్, రీడర్, రీడింగ్ అన్నీ కలిపి ఒక కుటుంబం. భయపడకండి, ఇందులో దారి దగ్గర చేసే సంగతి ఒకటుంది. అవెరిల్ కాక్స్‌హెడ్ అనే ఆవిడ 35 లక్షల మాటల పాఠ్యగ్రంథాలను జల్లెడ పట్టి, అన్ని సబ్జెక్టుల్లోనూ పదేపదే వచ్చే 570 కుటుంబాల జాబితాను 2000లో ప్రచురించారు. అనలైజ్, కాన్సెప్ట్, కాంటెక్స్ట్, సిగ్నిఫికెంట్ లాంటివి. పాఠ్యపుస్తకంలో ప్రతి పది మాటల్లో ఒకటి ఈ 570లోదే. రోజుకు ఐదు చొప్పున 114 రోజులు. మరిచిపోయినవి మళ్లీ చూసుకున్నా ఏడాది పట్టదు. పెట్టిన శ్రమకు ఇంత ఫలితమిచ్చే జాబితా ఇంకోటి నాకు తెలియదు.

మీకు ఎన్ని వచ్చో చూసుకునే దారీ ఉంది. నేషన్, బెగ్లర్ 2007లో తయారుచేసిన పరీక్షలో 140 ప్రశ్నలుంటాయి. ఎన్ని సరిపోతే దానికి వందతో హెచ్చవేసుకోవాలి. 60 వస్తే సుమారు ఆరు వేల కుటుంబాలు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడటమే ఇదీ, కాకపోతే మాటల విషయంలో అన్ని మెతుకులూ ఒకలా ఉడకవు కాబట్టి 140 పట్టి చూస్తారు.

ఇక వ్యాకరణం. మనం బళ్లో యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి, డైరెక్ట్‌ను ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చి మార్చి అలసిపోయాం. ఇక్కడ అడిగే తీరు వేరు. ఈ వాక్యం చూడండి: ‘ద బాక్స్ ఆఫ్ మ్యాంగోస్ దట్ మై కజిన్స్ సెంట్ ఫ్రమ్ నూజివీడు ___ స్టిల్ ఇన్ ద కిచెన్.’ ఖాళీలో ఈజ్ రావాలా, ఆర్ రావాలా? మ్యాంగోస్, కజిన్స్ రెండూ బహువచనాలు, రెండూ ఖాళీకి దగ్గరగా ఉండి ఆర్ అనిపిస్తాయి. కానీ వంటింట్లో ఉన్నది బాక్స్, అది ఒకటే, కాబట్టి ఈజ్. నియమం ఒకటో తరగతిదే. కష్టమంతా కర్తకూ క్రియకూ మధ్య ఉన్న దూరంలో ఉంది.

మన భాష వల్ల వచ్చే తప్పులు కొన్ని ఉన్నాయి. ‘వాన పడుతోంది, ఇంట్లోనే ఉండిపోయాం’ అన్న తెలుగు వాక్యంలో దోషమేమీ లేదు. అదే కామాతో ‘ఇట్ వాజ్ రెయినింగ్, వి స్టేడ్ హోమ్’ అని రాస్తే ఈ పరీక్షలో తప్పు. రెండు పూర్తి వాక్యాలను ఒట్టి కామా కలపలేదు, మధ్యలో సో అయినా ఉండాలి, సెమికోలన్ అయినా ఉండాలి. ఎ, యాన్, ద అనేవి తెలుగులో లేవు కాబట్టి అక్కడా చెయ్యి జారుతుంది. ఈ మూడు చోట్లా కాస్త సాధన చేస్తే వ్యాకరణానికి అంతకు మించి నెలలు పొయ్యక్కర్లేదు. మనవాళ్లు చేసేది మాత్రం సరిగ్గా తలకిందులు. గ్రామర్ పుస్తకం మూడుసార్లు తిరగేస్తారు, ఇంగ్లిష్ పేపర్ ఒక్క పేజీ చదవరు.

చదివి గ్రహించే ప్రశ్నల్లో పెద్దవాళ్లకు ఎదురయ్యే చిక్కు కుర్రాళ్లకు అంతగా ఉండదు. లైబ్రరీ వేళలు పెంచాక విద్యార్థుల రాక పెరిగిందని పేరాలో ఉందనుకోండి. ‘లైబ్రరీ వల్ల పిల్లల చదువు బాగుపడుతుంది’ అని ఒక ఆప్షన్ ఉంటుంది. లోకం చూసిన మనిషి అవునని తలూపుతాడు. కానీ పేరాలో ఆ మాట లేదు. జవాబు లోకంలో నిజమైతే చాలదు, ఆ పేరాలో వేలు పెట్టి చూపగలగాలి.

వేగం మాటేమిటి? అక్యుప్లేసర్‌లో దానికి పట్టింపు లేదు. విదేశీ చదువుల కోసం రాసే ఐఎల్టీఎస్ అకడమిక్‌లో ఉంది. అక్కడ రీడింగ్‌లో 60 నిమిషాల్లో మూడు పాఠాలు, 40 ప్రశ్నలు. పాఠాలన్నీ కలిపి సుమారు 2,700 మాటలుంటే, నిమిషానికి 80 మాటలు చదివేవాళ్లకు చదవడానికే 34 నిమిషాలు పోయి, ఒక్కో ప్రశ్నకు 39 సెకన్లు మిగులుతాయి. 120 చదివేవాళ్లకు 56 సెకన్లు. ఇంగ్లిష్‌లో కథలు కాని రచనలను పెద్దలు మౌనంగా చదివే సగటు వేగం నిమిషానికి 238 మాటలని 2019లో బ్రిస్‌బార్ట్ అనే పరిశోధకుడు లెక్కగట్టారు. రెండో భాషగా చదివేవాళ్ల వేగం అంతకంటే తక్కువే ఉంటుంది. పరీక్ష గట్టెక్కాక కూడా ఈ అంకె వెంటే వస్తుంది. వారానికి 40 పేజీలు, పేజీకి 400 మాటలు అనుకుంటే, 238 వేగంతో గంటా ఏడు నిమిషాలు, 100 వేగంతో రెండు గంటల నలభై నిమిషాలు.

పరీక్షకు పేరివ్వక ముందే కాలేజీకి ఫోన్ చేసి కనుక్కోండి. నన్ను ఏ సెట్‌లో కూర్చోబెడతారు, కటాఫ్ ఎంత, కొద్దిలో తప్పితే మళ్లీ రాయనిస్తారా, ఎన్నాళ్లకు? అన్నిటికంటే ముఖ్యంగా, ఇండియాలో చదివిన ఇంటర్ లేదా డిగ్రీ మార్కులు చూపిస్తే పరీక్ష మినహాయిస్తారా అని అడగండి. కొన్ని కాలేజీలు మినహాయిస్తాయి, అడిగినవాళ్లకు. ఎలాగూ రాయక తప్పదంటే, కాలేజ్ బోర్డ్ వాళ్లదే నమూనా ప్రశ్నల యాప్ ఉచితంగా దొరుకుతుంది. పుస్తకం కొనే ముందు అది చూడండి.