వాతాపి తటాకము

పసిబిడ్డకు పాలు పట్టి పొట్ట నిమురునప్పుడు మన యిండ్లలో తల్లులు వాతాపిని తలంచుట పరిపాటి. అగస్త్యమహర్షి జీర్ణము చేసికొనిన ఆ రాక్షసుని పేరుగల ఊరు కర్ణాటకమున బాగలకోట జిల్లాలో కలదు. నేడు దానిని బాదామి యందురు. పిల్లలను అచ్చటికి విహారయాత్రకు తోడ్కొనిపోవు తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు.

యాత్రికులు సాధారణముగా గుహలకు పరుగెత్తుదురు. మొదట చూడవలసినది చెరువు. ఉత్తర దక్షిణములందు ఎఱ్ఱని ఇసుకరాతి కొండలు, నడుమ అగస్త్యతీర్థము. కొండలపై కురిసిన వాన ఈ లోయలోనికే దిగును. నీరును, శత్రువులకు దుర్గమమైన కొండయు ఒక్కచోట దొరికినందుననే కాబోలు 543లో మొదటి పులకేశి ఇచ్చట కోట కట్టించెను. తూర్పుకొసన భూతనాథాలయము నీటి యొడ్డుననే నిలిచియున్నది.

దక్షిణపు కొండలో నాలుగు గుహాలయములు: ఒకటి శివునిది, రెండు విష్ణువువి, కడపటిది జైనులది. మొదటి గుహలోని నటరాజునకు పదునెనిమిది చేతులు. పిల్లలు లెక్కింపక మానరు. కాని తీరికగా నిలువవలసినది మూడవ గుహలో. మంగళేశుడు దానిని తొలిపించి, పుణ్యఫలమును అన్నయైన కీర్తివర్మకు సమర్పించినట్లు అందలి 578నాటి శాసనము చెప్పును. ఆ అన్న కుమారుడే రెండవ పులకేశి. అతనికి రాజ్యము దక్కనీయక తన కొడుకునకు కట్టబెట్టజూచి, మంగళేశుడు రాజ్యముతోబాటు ప్రాణములను కోల్పోయెనని 634నాటి ఐహొళె శాసనమువలన తెలియుచున్నది. అన్నపై అంత భక్తి చూపినవాడే అన్నకొడుకుతో పోరాడెను!

ఇక మన మాట. చాళుక్యులు కన్నడదేశపు రాజులు, మనకేమి సంబంధమని పిల్లలు అడుగవచ్చును. పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు వేంగిని పాలింప వచ్చి, 624 ప్రాంతమున అచ్చటనే వేఱు రాజ్యము నెలకొల్పెను. ఆ వంశమువాడే రాజరాజనరేంద్రుడు. నన్నయ భారతాంధ్రీకరణమునకు పూనుకొన్నది ఆయన కోరికమీదనే. తెలుగుసీమకు దూరముగా పెరుగుచున్న పిల్లలకు ఈ చుట్టరికము ఆ చెరువుగట్టుననే చెప్పవలెను. తరగతిలో చెప్పినదానికంటె నాటుకొనును.

642లో పల్లవ నరసింహవర్మ ఈ నగరమును గెలిచెను. కచేరీలలో వినెడి ‘వాతాపి గణపతిం’ లోని గణపతి నాడు ఇచ్చటినుండి తమిళదేశమునకు పోయినవాడేయని ప్రతీతి.

ఎండ ముదురకముందే మెట్లెక్కుట మంచిది. కోతులు చేతిలోని తినుబండారములను లాగుకొనును. మూటలు వెంట కొనిపోరాదు. రాళ్లపై పేళ్లు గీయవలదని ఇంటివద్దనే గట్టిగా చెప్పవలెను. వానకాలమున పోయినచో కొండ అంచునుండి రెండు జలధారలు దూకుట కన్పించును. ఆ ఊరివారు వానిని ‘అక్క తంగి’ యందురు, అనగా అక్కాచెల్లెండ్రు.