మోదీ నోట ఏటికొప్పాక మాట.. ఆ లక్కబొమ్మల స్పెషాలిటీ ఏంటంటే?

2020 ఆగస్టు 30, ఆదివారం. 'మన్ కీ బాత్'లో ప్రధాని మోదీ బొమ్మల టాపిక్ ఎత్తారు. ప్రపంచ బొమ్మల మార్కెట్ రూ.7 లక్షల కోట్లకు పైనే, అందులో మన వాటా మాత్రం చాలా తక్కువన్నారు. కొండపల్లి పేరు చెప్పారు. విశాఖ జిల్లా (ఇప్పుడు అనకాపల్లి) ఏటికొప్పాక గురించి, అక్కడి సీవీ రాజు గురించి ప్రత్యేకంగా మాట్లాడారు. ఆ బొమ్మలకు ఎక్కడా అంచులుండవు, పిల్లలకు గుచ్చుకోవన్నది ఆయన పాయింట్.

అది నిజమే. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ ఉలితో నున్నగా తీస్తారు కాబట్టి అంతా గుండ్రంగానే వస్తుంది. కర్ర తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి అదిమి పెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. బ్రష్షూ లేదు, పెయింటూ లేదు! పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు.

మరి రంగుల సంగతి? మధ్యలో కెమికల్ రంగులు వచ్చిపడ్డాయి. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు అవెంత డేంజరో చెప్పక్కర్లేదు. రాజు పట్టుబట్టి పసుపు, నీలి లాంటి సహజ రంగులను మళ్లీ తెచ్చారు. ఈ బొమ్మలకు 2017లో జీఐ ట్యాగ్, ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చాయి.

2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్క్ తప్పనిసరైనా, జీఐ ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చారు. అసలు చిక్కు కర్రతోనే. ఆర్డర్లు ఎన్ని వచ్చినా అంకుడు కర్ర అడవుల్లోంచే రావాలి, అది దొరకడమే ఇప్పుడు కష్టమైపోయింది.