‘ఓ’ అన్నారు... కానీ ‘ఓ’ కాదు!

‘అర్జెంట్. బాంబే బ్లడ్ కావాలి. మామూలు ఓ గ్రూపు పనికిరాదు.’

మా ఆఫీసు రక్తదాతల వాట్సాప్ గ్రూపులో ఓ రాత్రి వచ్చిన మెసేజ్ ఇది. నాది ఓ పాజిటివ్. పాజిటివ్ వాళ్లెవరికైనా ఇవ్వొచ్చన్న ధీమాతో ‘నేను బయల్దేరుతున్నా’ అని టైప్ చేశా. వెంటనే జవాబొచ్చింది: ‘వద్దు బ్రదర్, మీ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదకొస్తుంది.’

కోడ్ రాసుకుని బతికే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చదవడం మొదలుపెడితే, కథంతా మన కణాల్లో చక్కెరలు అతికించే ఎంజైమ్‌ల దగ్గర, వాటి జన్యువుల దగ్గర తేలింది.

చక్కెర మీద చక్కెర

మన ఎర్ర రక్తకణాల ఒంటినిండా చక్కెర గొలుసులు ఉంటాయి. టీలో వేసుకునే చక్కెర కాదండోయ్! గెలాక్టోజ్, ఫ్యూకోజ్ లాంటివి. ముందుగా ఒక ఎంజైమ్ గొలుసు చివర ఫ్యూకోజ్ తగిలిస్తుంది. అలా తయారయ్యేదే ‘హెచ్’. ఇది పునాది. దాని మీద ఎ ఎంజైమ్ వచ్చి ఎన్-అసిటైల్ గెలాక్టోసమైన్ అనే చక్కెర పెడితే ఎ గ్రూపు. బి ఎంజైమ్ గెలాక్టోజ్ పెడితే బి గ్రూపు. రెండూ పని చేస్తే ఎబి. ఏదీ పెట్టకుండా హెచ్‌ని అలాగే వదిలేస్తే ఓ. అంటే ఓ గ్రూపు వాళ్ల కణాల మీద ఏమీ లేదని కాదు, పునాది నిక్షేపంగా ఉంటుంది.

ఒక్క అక్షరం పోతే...

ఎ, బి ఎంజైమ్‌లు రెండూ ఒకే జన్యువుకు రెండు వెర్షన్లు. అది 9వ క్రోమోజోమ్ మీద ఉంది. జన్యువులో ప్రొటీన్‌కి పనికొచ్చే ముక్కల్ని ఎక్సాన్లు అంటారు. ఇందులో అవి 7. కానీ అసలు సరుకు చాలావరకు చివరి రెండింటిలోనే ఉంటుంది. తయారయ్యే ఎంజైమ్ పొడవు 354 అమైనో ఆమ్లాలు. ఎ, బిల మధ్య తేడా అందులో నాలుగే! ఆ నాలుగే ఏ చక్కెర పట్టుకోవాలో తేల్చేస్తాయి.

మరి ఓ? చాలామంది ఓ వాళ్లలో 6వ ఎక్సాన్‌లో ఒక్క ‘జి’ అక్షరం ఎగిరిపోయి ఉంటుంది. కణం అక్షరాలను మూడేసి చొప్పున చదువుతుంది. ఒకటి తప్పిందంటే అక్కడి నుంచి అన్నీ తప్పే. ఎంజైమ్ మూడో వంతు దగ్గరే ఆగిపోతుంది. ఒక్క కామా పోయి ప్రోగ్రామ్ మొత్తం కూలడం మాకు రోజూ అలవాటే!

పునాదే లేకపోతే?

హెచ్ కట్టే జన్యువు వేరే. పేరు ఎఫ్‌యూటీ1. అడ్రసు 19వ క్రోమోజోమ్. దీని ప్రొటీన్ కోడ్ అంతా ఒకే ఎక్సాన్‌లో ఉంటుంది. పక్కింట్లోనే దాని తోబుట్టువు ఎఫ్‌యూటీ2. ఇది లాలాజలం లాంటి స్రావాల్లో హెచ్ తయారు చేస్తుంది.

మన దేశంలో కనిపించే బాంబే గ్రూపు వాళ్లలో తరచూ దొరికే లోపం ఇది: ఎఫ్‌యూటీ1లో 725వ అక్షరం ‘టి’ బదులు ‘జి’ అవుతుంది. దాంతోపాటు ఎఫ్‌యూటీ2 ఉన్న చోట సుమారు 10 వేల అక్షరాల ముక్క పూర్తిగా మాయం. హెచ్ లేదు కాబట్టి ఎ, బి ఎంజైమ్‌లు ఉన్నా వాటికి చక్కెర పెట్టే చోటు లేదు. పరీక్షలో ఎ, బి కనపడవు. ‘ఓ’ అని రాసేస్తారు. అక్కడే ప్రమాదం. వీళ్ల ఒంట్లో హెచ్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉంటాయి. ఓ రక్తం నిండా హెచ్చే! ఎక్కిస్తే కణాలు పగిలిపోతాయి.

1952లో డాక్టర్ వై.ఎం. భెండే బృందం బొంబాయిలో దీన్ని గుర్తించింది, అందుకే ఆ పేరు. మన దేశంలో సుమారు 10 వేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా చెడిన జన్యువే వస్తేనే ఇలా అవుతుంది. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది.

తొందరపడి అనుమానించొద్దు

ఇంకో మాట. బాంబే గ్రూపు తండ్రిలో ఎ జన్యువు చక్కగా ఉండొచ్చు. అది బిడ్డకు వస్తుంది. తల్లి నుంచి మంచి హెచ్ జన్యువు వస్తుంది. అమ్మానాన్నల కార్డుల్లో ‘ఓ’, బిడ్డది ‘ఎ’! ఆ కాగితాలు చూసి ఇంట్లో గొడవ పెట్టుకుంటే ఎంత అన్యాయం?

దీన్ని పట్టుకోవడం కష్టమేం కాదు. పేషెంటు సీరాన్ని ఓ కణాలతో కలిపి చూస్తే అవి గడ్డకడతాయి. ఉలెక్స్ అనే ముళ్లపొద గింజల సారం హెచ్ ఉందో లేదో చెబుతుంది. అన్నట్టు, ఎ గ్రూపులో ఎ1 రకాన్ని గుర్తుపట్టే సారం దేన్నుంచి తీస్తారో తెలుసా? మన ఉలవల నుంచి!

కాబట్టి స్లయిడ్ మీద రెండు చుక్కలతో తేల్చిన గ్రూపుతో సరిపెట్టుకోకండి. రక్తబ్యాంకులో ఇటు కణాలు, అటు సీరం రెండూ పరీక్ష చేయించుకోండి. బాంబే అని తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకూ చేయించండి. అదే రక్తం దొరికే అవకాశం ముందుగా ఉన్నది వాళ్లలోనే.

ఆ రాత్రి పేషెంటుకి రక్తం దొరికింది. ఇచ్చింది ఎవరో కాదు, ఆయన చెల్లెలు. అప్పటిదాకా ఆమె కార్డులోనూ ‘ఓ’ అనే ఉందట.