తెరమీది ముఖం, పుటలోని కంఠం

చూచినదానిని చూచినట్లు చెప్పితే అది సాహిత్యమవుతుందా? మన ఆలంకారికులు ఏనాడో వాదించుకొన్న ప్రశ్న ఇది. దండి స్వభావోక్తిని అలంకారాలలో మొట్టమొదటిదిగా గణించాడు. కుంతకుడు అందుకు సమ్మతించలేదు. వస్తువు స్వభావమే అలంకారమైతే ఇక అలంకరించవలసిన వస్తువేది అని ఆయన ఆక్షేపం. ఈ వివాదం ఎట్లా ముగిసినా, ఉన్నదానిని ఉన్నట్లు చెప్పటం ఎంత కష్టమో కలం పట్టిన ప్రతివారికీ అనుభవమే. ఆ కష్టం భాషలో లేదు. చెప్పేవారి అహంకారంలో ఉన్నది, లోకం ఏమనుకొంటుందోనన్న భయంలో ఉన్నది, అన్నిటికంటె మిక్కుటంగా తన మీద తనకు కలిగే జాలిలో ఉన్నది. ఈ మూడు అడ్డంకులనూ దాటి, తన జీవితాన్ని తేట మాటలలో చెప్పగలిగిన ఒక అమెరికా రచయిత్రి కుకీ మ్యూలర్.

ఆమె లోకానికి మొదట తెలిసింది రచయిత్రిగా కాదు, నటిగా. వెండితెర మీద వెలిగినవారు కలం పట్టటం తెలుగువారికి వింత కాదు. ‘అత్తగారి కథలు’ వ్రాసిన భానుమతీ రామకృష్ణ మనకు సుపరిచితురాలు. అయితే భానుమతి పెద్ద స్టూడియోలలో, పేరుపొందిన నిర్మాతల మధ్య నటించినవారు. కుకీ మ్యూలర్ నటించిన చిత్రాలు మరొక జాతివి. వాటికి అండర్‌గ్రౌండ్ సినిమా అని పేరు.

ఈ పేరు విని, పోలీసుల కన్నుగప్పి తీసిన చిత్రాలని అనుకోరాదు. హాలీవుడ్ కంపెనీల డబ్బుతోనూ, పంపిణీదారులతోనూ, మామూలు సినిమాహాళ్లతోనూ పని లేకుండా, స్నేహితులు తలా ఒక చెయ్యి వేసి 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీసుకొన్న బొమ్మలవి. చర్చి హాళ్లలోనూ, కళాశాలలలోనూ, ఆఖరి ఆట వదిలిన తరువాత అర్ధరాత్రి వేళ పట్టణంలోని చిన్న హాళ్లలోనూ వాటిని ఆడించేవారు. మర్యాదస్తులకు రోత పుట్టించటమే వాటిలో కొన్నిటి ధ్యేయం. మర్యాద అనే తెర వెనుక ఏమున్నదో చూపటానికి ఆ దర్శకులు రోతనే సాధనం చేసుకొన్నారు.

కుకీ 1949 మార్చి 2న మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో జన్మించింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు డొరతీ కారెన్. చిన్ననాటి ముద్దుపేరైన కుకీయే జీవితాంతం నిలిచింది. బాల్యంలోనే అన్నగారి మరణం చూచింది. బాల్యాన్ని గురించి ఆమె చెప్పుకొన్న సంగతులలో ఒకటి ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించదగినది. పదకొండేళ్ల వయసులో ఆమె జాన్స్‌టౌన్ వరదను గురించి 321 పుటల పుస్తకం వ్రాసింది. ఆ వరద చారిత్రక సంఘటన. 1889 మే 31న పెన్సిల్వేనియాలో ఒక ఆనకట్ట తెగి, దిగువనున్న ఆ పట్టణంలో 2,209 మంది మరణించారు. తాను పుట్టటానికి అరవై యేళ్ల ముందు జరిగిన ఆ ఘోరాన్ని ఒక బాలిక కాగితాల మీద పెట్టింది. వాటిని కలిపి కుట్టి, అట్ట తొడిగి, ఊరి గ్రంథాలయంలో తన పేరుకు తగిన వరుసలో, ఇతర గ్రంథకర్తల నడుమ నిలబెట్టి వచ్చింది. ఆ ప్రతి మళ్లీ ఆమె చేతికి చిక్కలేదు. ప్రచురణకర్త ఉండాలని గాని, అనుమతి కావాలని గాని ఆ పిల్లకు తోచలేదు. వ్రాసిన పుస్తకానికి చోటు గ్రంథాలయమే అన్నది మాత్రం తెలుసు.

1969లో బాల్టిమోర్‌లో జాన్ వాటర్స్ అనే యువ దర్శకుడు తన ‘మోండో ట్రాషో’ చిత్రాన్ని తొలిసారి ప్రదర్శించాడు. చూడవచ్చిన ప్రేక్షకులలో కుకీ ఒకరు. ఆ పరిచయంతోనే ఆమె అతని బృందంలో చేరి ‘మల్టిపుల్ మేనియాక్స్’ (1970), ‘పింక్ ఫ్లమింగోస్’ (1972), ‘ఫిమేల్ ట్రబుల్’ (1974), ‘డెస్పరేట్ లివింగ్’ (1977) చిత్రాలలో నటించింది. వీటిలో ‘పింక్ ఫ్లమింగోస్’ పేరు దేశదేశాలకు ప్రాకింది. లోకంలోకెల్లా నీచులెవరన్న బిరుదు కోసం రెండు వర్గాలు పోటీపడటం అందులోని కథ. అది పిల్లలకు చూపదగిన చిత్రం కాదు, పెద్దలలోనూ చాలమంది చివరిదాకా చూడలేరు. న్యూయార్కులోని ఎల్గిన్ థియేటరులో అర్ధరాత్రి ఆటలుగా ఆడి అది ప్రఖ్యాతి గడించింది. ఒకనాడు నిషేధాలకు గురియైన ఆ చిత్రాన్నే 2021లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం భద్రపరచదగిన జాతీయ చిత్రాల పట్టికలో చేర్చింది.

ఆ చిత్రాలలో కుకీని చూచినవారు ఆమెను మరచిపోవటం కష్టం. చెదరిన పసుపుపచ్చని జుట్టు, కళ్లచుట్టూ దట్టంగా దిద్దిన కాటుక, ఎవరినీ లెక్కచేయని చూపు. అయితే తెరమీద ఆమె పలికిన మాటలు వాటర్స్ వ్రాసినవి. ఆ ముఖం ఆమెదే గాని ఆ ఊహ మరొకరిది. ‘పింక్ ఫ్లమింగోస్’ చిత్రీకరణ గురించి తరువాత ఆమె స్వయంగా వ్రాసిన వ్యాసంలో కథ తారుమారవుతుంది. చలికాలపు పొలం, బురద, చేతిలో డబ్బు లేని స్నేహితులు, నెలల పసికందుతో ఉన్న ఒక తల్లి కనబడతారు. ఆ పసివాడు కూడా చిత్రంలో ఉన్నాడు. తెరమీద రాక్షసులుగా కనిపించిన వారందరూ ఆ వ్యాసంలో చలికి వణికే మనుషులు, శ్రమపడే కళాకారులు. ప్రేక్షకునికి అందని దృశ్యాన్ని నటి తన కలంతో చూపింది. ఆమె రచనకు మూలమైన శక్తి ఇదే.

1976లో ఆమె న్యూయార్కు చేరింది. అప్పటికి బిడ్డ తల్లి, ఆస్తిపాస్తులు లేవు. జీవనం కోసం దుస్తులు రూపొందించింది, రాత్రి క్లబ్బులలో నృత్యం చేసింది. ‘అండర్‌గ్రౌండ్ యు.ఎస్.ఏ.’ (1980), ‘స్మితరీన్స్’ (1982) వంటి చిత్రాలలో చిన్న వేషాలు వేసింది. 1980 తరువాతి సంవత్సరాలలో పత్రికలకు శీర్షికలు నడపటం మొదలుపెట్టింది. ‘ఈస్ట్ విలేజ్ ఐ’ పత్రికలో ‘డాక్టర్ మ్యూలర్‌ను అడగండి’ అనే ఆరోగ్య శీర్షిక ఆమెదే. వైద్యపట్టా లేని ఆ వైద్యురాలు గృహవైద్యాన్నీ, ఇంగితజ్ఞానాన్నీ, పరిహాసాన్నీ కలిపి పాఠకులకు సలహాలు చెప్పేది. ‘డీటెయిల్స్’ మాసపత్రికలో కళావిమర్శ చేసింది. అక్కడ కూడ పండితుల పరిభాష వాడక, బొమ్మ ముందు నిలబడిన ఒక తెలివైన మనిషి మాట్లాడినట్లు వ్రాసింది.

ఆమె ప్రతిభకు నికషోపలం మాత్రం ఆత్మకథాత్మకమైన చిన్న రచనలు. అవి కథలా, వ్యాసాలా అని తేల్చటం కష్టం. చాలవాటికి శీర్షికలోనే ఊరి పేరూ, సంవత్సరమూ ఉంటవి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్-ఆష్‌బరీ, 1967. బ్రిటిష్ కొలంబియా, 1972. దినచర్యలో పుట తిప్పినట్లు ఉంటుంది వరుస. అతిథిగా వెళ్లిన ఇల్లు తగలబడటం ఒకచోట, కుమారుడు పుట్టటం మరొకచోట. ప్రసవాన్ని వర్ణించేటప్పుడు మాతృత్వాన్ని గురించి అందరూ వాడే తేనెమాటలు ఆమె వాడదు. నొప్పిని నొప్పి అనే అంటుంది. తాను విపరీతాలను వెదకికొని పోలేదనీ, అవే తన దారికి అడ్డం వచ్చినవనీ ఆమె భావన.

ఈ రచనలలో అత్యంత కఠినమైనది 1969లో రహదారి మీద జరిగిన సంఘటన. స్నేహితురాండ్రతో కలిసి, దారిన పోయే వాహనాలు ఎక్కి ప్రయాణిస్తున్న ఆమెను దుండగులు అపహరించి అత్యాచారం చేశారు. ఇటువంటి వస్తువు చేతిలో పడితే సామాన్య రచయితకు రెండు దారులే తోస్తవి. ఒకటి కన్నీరు, రెండవది మౌనం. కుకీ ఈ రెండింటినీ విడిచిపెట్టింది. ఏ క్షణాన ఏమి జరిగిందో, తానేమి ఆలోచించిందో, ఎట్లా బయటపడిందో వరుసగా చెప్పింది. అక్కడక్కడ ఆ మూర్ఖుల వెర్రితనాన్ని చూచి నవ్వింది కూడ. ఆ నవ్వు నేరాన్ని తేలిక చేయదు. నేరస్థుడు ఆమె దేహాన్ని పట్టుకొన్నాడు గాని ఆమె చూపును పట్టుకోలేకపోయాడని ఆ నవ్వు వలన పాఠకునికి తెలుస్తుంది. జాలిని కోరని ఆ చెప్పటమే పాఠకుని గుండెను ఎక్కువగా పిండుతుంది. దండి వంటివాడు చదివి ఉంటే దీనిని స్వభావోక్తికి ఉదాహరణగా చూపేవాడేమో!

కుకీ పుస్తకాల కథలో దక్షిణభారతానికీ ఒక పాలు ఉన్నది. 1986లో చిత్రకారుడు ఫ్రాంచెస్కో క్లెమెంతే, సంపాదకుడు రేమండ్ ఫోయ్ కలిసి న్యూయార్కు నుంచి హనుమాన్ బుక్స్ అనే ప్రచురణ సంస్థను స్థాపించారు. మన దేవాలయాల ముంగిట అమ్మే చిన్న స్తోత్రపుస్తకాలే ఆ ప్రచురణలకు నమూనా. జేబులో పట్టేటంత పరిమాణం, రంగురంగుల అట్టలు. ముద్రణ జరిగింది మద్రాసులో, సి.టి. నాచియప్పన్ నిర్వహించిన కళాక్షేత్ర ముద్రణాలయంలో. కుకీ రచనలలో ‘ఫ్యాన్ మెయిల్, ఫ్రాంక్ లెటర్స్ అండ్ క్రాంక్ కాల్స్’ (1988), ‘గార్డెన్ ఆఫ్ యాషెస్’ (1990) ఈ వరుసలో వెలువడినవి. తెలుగు గ్రంథాలెన్నో అచ్చయిన ఆ నగరంలోనే, న్యూయార్కు వీథులలో పుట్టిన ఈ రచనలు కూడ అచ్చురూపం ధరించినవి. ఆ అక్షరాలు పేర్చిన చేతులకు ఆ రచయిత్రి ఎవరో తెలియకపోవచ్చు. కాని హనుమంతుని పేరు మోసిన ఆ చిట్టి పుస్తకాలు సముద్రం దాటినవి.

అప్పటికే ఆమె మిత్రలోకం మీద ఎయిడ్స్ విరుచుకుపడింది. 1981లో వైద్యులు తొలిసారి గుర్తించిన ఆ వ్యాధికి నిలిచి పనిచేసే మిశ్రమ చికిత్స 1996 దాకా రాలేదు. నడుమ నడచిన పదిహేనేళ్లలో న్యూయార్కు ఒక తరం కళాకారులను కోల్పోయింది. కుకీ 1986లో వివాహమాడిన ఇటలీ చిత్రకారుడు విత్తోరియో స్కార్పాతి కూడ ఆ వ్యాధితో ఆస్పత్రి పాలయ్యాడు. మంచం మీద పడుకొనే హాస్యచిత్రాలు గీశాడు. ఆ బొమ్మలకు ఆమె మాటలు కూర్చగా ‘పుట్టీస్ పుడ్డింగ్’ అనే పుస్తకమయింది. 1989 సెప్టెంబరులో ఆయన పోయాడు. అదే సంవత్సరం నవంబరు 10న, నలుబదేళ్ల వయసులో, ఆమె కూడ వెళ్లిపోయింది. చివరి నెలలలో ఆమెకు మాట పోయిందని స్నేహితురాలు, ఛాయాచిత్రకారిణి నాన్ గోల్డిన్ చెప్పారు. మాటే ఐశ్వర్యంగా బ్రతికిన మనిషికి విధి విధించిన శిక్ష అది.

గోల్డిన్ 1976 నుంచి పదమూడేళ్లపాటు కుకీని ఛాయాచిత్రాలలో నిలిపారు. పెండ్లినాటి కన్నీరు, భర్త శవపేటిక ప్రక్కన నిలుచున్న కుకీ, చివరకు తన శవపేటికలో కుకీ, అన్నీ ఆ వరుసలో ఉన్నవి. కుకీ పోయిన వారంలోనే న్యూయార్కులోని ఆర్టిస్ట్స్ స్పేస్‌లో గోల్డిన్ కూర్చిన ఎయిడ్స్ కళాప్రదర్శన ప్రారంభమయింది. ప్రదర్శన గ్రంథంలో కుకీ రచన కూడ చేరింది. ఆ గ్రంథంలోని మరొక వ్యాసం రాజకీయ నాయకులను నిందించిందన్న కారణంతో ప్రభుత్వ కళాసంస్థ తానిచ్చిన పదివేల డాలర్ల సహాయాన్ని వెనక్కు తీసుకొన్నది. నిరసనలు చెలరేగగా ప్రదర్శనకు తిరిగి ఇచ్చింది గాని గ్రంథానికి ఇవ్వలేదు. గోడ మీది బొమ్మను సహించిన అధికారం అచ్చులోని మాటను సహించలేకపోయింది. రోగం కంటె రోగాన్ని గురించిన మాటకే పెద్దలు ఎక్కువ భయపడిన కాలమది. ఆ కాలంలో భయం లేకుండా వ్రాయటం కుకీకి శైలికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

ఆమె ముఖ్యగ్రంథం ‘వాకింగ్ త్రూ క్లియర్ వాటర్ ఇన్ ఎ పూల్ పెయింటెడ్ బ్లాక్’ 1990లో వెలువడింది. దానిని చూచుకొనే భాగ్యం ఆమెకు లేకపోయింది. నల్లరంగు పూసిన కొలనులో తేటనీటిగుండా నడక అని ఆ పేరుకు అర్థం. అడుగు నల్లగా ఉన్నదని నీరు మురికి అనుకొంటాము. దిగినవానికే అది తేట అని తెలుస్తుంది. 1997లో ఆమె రచనల సంకలనం వచ్చింది. 2014లో ఆమెను ఎరిగినవారి జ్ఞాపకాలతో ఒక జీవితచరిత్ర వెలువడింది. 2022లో ముఖ్యగ్రంథం విస్తృతమైన ముద్రణ పొందింది. ఆమె మరణించిన నాటికి పుట్టనైనా పుట్టని యువతీయువకులు నేడు ఆమె పాఠకులు.

ఆమె జీవితాన్ని ఆదర్శంగా బోధించవలసిన పని లేదు. ఆమె కూడ అట్లా కోరలేదు. మత్తుమందులను గురించీ, తన తప్పులను గురించీ దాపరికం లేకుండానే వ్రాసింది. మన తరగతి గదులకు ఆమె నుంచి అందవలసింది వేరు. వ్యాసరచన అనగానే మన విద్యార్థులు తమ ఊరిని మరచి, ఎవరివో పెద్దమాటలు ఎరువు తెచ్చుకొంటారు. వరదను గురించి వ్రాయమంటే ప్రకృతిమాత ఆగ్రహం అంటారు గాని, తమ ఇంట నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చినవో వ్రాయరు. ఊరు ఏది, సంవత్సరం ఏది, ఎవరు ఏమన్నారు, అప్పుడు నీకేమనిపించింది? కుకీ మ్యూలర్ తన రచనలన్నిటిలోనూ సమాధానం చెప్పింది ఈ నాలుగు ప్రశ్నలకే. వాటికి నిజమైన సమాధానం వ్రాసిన విద్యార్థి కాగితాన్ని భాషాదోషాల కోసం ఎర్రసిరాతో దిద్దే ముందు, ఉపాధ్యాయుడు ఒక్కసారి ఆగి పూర్తిగా చదవటం మంచిది.